పై వాటాలో ఆవిడ, కింది వాటాలో ఆయన: ఈ సినిమా పేరు ఎవరికైనా తెలుసా?

నాలుగో_లైను (బ్రాడీపేట, గుంటూరు)

సినిమా పేరు గుర్తులేదు. ఏ భాషో కూడా తెలియదు. ఇలా అడిగితే నవ్వుతారని తెలిసే అడుగుతున్నాను.

1998లోనో 99లోనో విజయవాడలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు ఆదివారం ఉదయం వేశారు. మా తమ్ముడి స్నేహితుడు రెండు పాసులు ఇస్తే పిన్నీ నేనూ గుంటూరు నుంచి బస్సులో వెళ్ళాం. భాష జర్మన్ అనుకున్నాను గానీ కాదట. అంతకంటే గొంతు గీరుకునే భాష, రెండు మాటలకొకసారి ‘ఖ’ అని వినిపించేది. తెర కింద ఇంగ్లిషు అక్షరాలు.

కథంతా ఒక పల్లెటూళ్ళో. యుద్ధం అయిపోయాక ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని సొంత ఊరికి తిరిగి వస్తుంది. అక్కడినుంచి చాలామంది వస్తారు, పుడతారు, పోతారు. నా మనసులో నిలిచిపోయింది మాత్రం వాళ్ళెవరూ కాదు. ఒక మేడ. పై వాటాలో ఒకావిడ, కింది వాటాలో ఒకాయన. పున్నమి వస్తే ఆవిడ చందమామను చూసి తోడేలులా ఊళ పెడుతుంది. ఆవిడది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కతోలిక్. ఆయనది వేరే సంఘం. పెళ్ళికి వీల్లేదు. అంతే వాళ్ళ కథ.

ఆ ఊళకు హాలంతా గప్‌చిప్‌గా ఉంటే మా పిన్ని ఒక్కతే నవ్వింది. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేటంత గట్టిగా. నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సులో మంగళగిరి దాటేదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు. దాటాక ఉన్నట్టుండి అంది: “కిందే ఉన్నాడు కదే. మెట్లెక్కి రావచ్చు కదా?”

ఇక్కడ గొడుగు సంగతి చెప్పాలి.

మాది లూథరన్ కుటుంబం. తాతయ్య మిషన్ బడిలో హెడ్మాస్టరు, గుడిలో సంఘ పెద్ద. జీవితంలో సినిమా హాలు గడప తొక్కని మనిషి. మా చిన్నప్పుడు ఇంట్లో వంకీ పిడి ఉన్న నల్ల గొడుగు ఒకటి ఉండేది. దాన్ని అందరూ ‘ఆర్.సి.ఎం. గొడుగు’ అనేవారు. “మబ్బు పట్టింది, ఆర్.సి.ఎం. గొడుగు పట్టుకుపో” అనేది అమ్మ. గొడుగుల్లో అదొక రకం కాబోలు అనుకునేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఉండగా గొడుగుల కొట్లో ఆ పేరు చెప్పి అడిగాను కూడా. కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

అసలు సంగతి నా పెళ్ళయ్యాక తెలిసింది. పిన్ని నర్సు. ఆమెతో పాటు పనిచేసే కాంపౌండరు 1967లో, వానాకాలం, ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి పిన్నిని చేసుకుంటానని తాతయ్యను అడిగాడు. అతనిది ఆర్.సి.ఎం. తాతయ్య కేకలు వేయలేదు. కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు. రెండు గంటలు బైబిలు వాక్యం మీదే మాట్లాడుకున్నారట. చివరికి తాతయ్య ఒకటే అడిగాడు: పిల్లలకు బాప్తిస్మం ఎవరి గుడిలో? “జ్ఞానస్నానం మా గుడిలోనే ఇప్పించాలండీ. ముందుగా రాసివ్వాలి కూడా” అన్నాడు అతను. “సరే నాయనా” అన్నాడు తాతయ్య. అప్పటికి వాన వెలిసింది. అతను గొడుగు మరిచిపోయి వెళ్ళాడు. గొడుగు కోసం మళ్ళీ రాలేదు. పిన్ని మరొకరిని చేసుకోలేదు.

కిందటి డిసెంబరులో పిన్ని పోయింది. 81 ఏళ్ళు. ఆ సినిమా మళ్ళీ ఒకసారి చూడాలని ఉంది. పేరు చెప్పండి. ఆ దేశంలో ఇటువంటి కథల పాత సినిమాలు ఇంకేమైనా ఉన్నాయా? గుంటూరులో అంటే సరే, ఇద్దరూ ఒకే క్రీస్తును కొలిచే దేశంలో కూడా ఇంత పట్టింపు ఏమిటి?

పాత_రీలు (గవర్నరుపేట, విజయవాడ)

అమ్మా, నవ్వేదేముంది. ఊళ అన్న మాట చూడగానే తెలిసిపోయింది. సినిమా పేరు ‘అంటోనియా’, 1995. ఇంగ్లిషులో ‘అంటోనియాస్ లైన్’ అనే పేరుతో తిరిగింది. మీకు గొంతు గీరుకున్నట్టు వినిపించింది డచ్చి భాష, అంటే హాలండ్ వాళ్ళది. మచిలీపట్నంలో వలందపాలెం ఉంది చూశారా, ఆ వలందుల భాషే. దర్శకురాలు మార్లేన్ గోరిస్. 1996లో ఉత్తమ విదేశీ భాషా చిత్రం ఆస్కార్ దీనికే వచ్చింది. ఆ విభాగంలో ఒక మహిళ తీసిన సినిమాకు బహుమతి రావడం అదే మొదలు.

ఆ ఆదివారం పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నానేమో! అప్పట్లో ఇలాంటి ప్రింట్లు రైల్లో వచ్చేవి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో సంతకం పెట్టి, రేకు పెట్టెలు రిక్షాలో వేసుకుని, పక్కన నడుచుకుంటూ హాలుకు చేరేవాళ్ళం. అంతా చేస్తే చూసేందుకు వచ్చేది నలభై మంది. అందులో సగం మంది ఇంటర్వెల్‌లో టీ కోసం లేచి వెళ్ళి మళ్ళీ వచ్చేవారు కాదు.

మీరు అడిగిన రెండో ప్రశ్న నాకు ఇష్టమైనది కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

డచ్చి వాళ్ళకు ఒక సామెత ఉంది: ఒక తలగడ మీద రెండు మతాలు పడుకుంటే మధ్యలో సైతాను పడుకుంటాడు అని. మనం ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటాం. మనది కత్తుల దగ్గర ఆగిపోయింది, వాళ్ళది పడకగదిలోకి వెళ్ళింది. ఇక్కడ రెండు మతాలంటే హిందువు, ముస్లిము కాదు సుమా. కతోలికులు, ప్రొటెస్టెంట్లు (మీ లూథరన్లు ఈ రెండో వైపే). 1568 నుంచి 1648 దాకా ఎనభై ఏళ్ళు స్పెయిన్ రాజుతో చేసిన యుద్ధంలో గీతలు ఎక్కడ పడ్డాయో దాదాపు అక్కడే మతాలూ ఆగిపోయాయి. దక్షిణం చాలామటుకు పోపు గారిది, ఉత్తరం ప్రొటెస్టెంటు బోధకుడు కాల్విన్ గారిది. మన దగ్గర జరిగింది కూడా అటువంటిదే కదా! 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగాడు కాబట్టి మీరు లూథరన్. అమెరికా బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేశారు కాబట్టి అక్కడివాళ్ళు బాప్టిస్టులు. ఏ ఊరికి ఏ దొర ముందు వచ్చాడన్నది మనవళ్ళ పెళ్ళిళ్ళ దాకా వచ్చింది.

హాలండ్‌లో దీన్ని ఇంకా పకడ్బందీగా చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో అరవైల దాకా అక్కడ సమాజంలోని వర్గాలను ‘స్తంభాలు’ అనేవారు. కతోలికులకు ఒక స్తంభం, ప్రొటెస్టెంట్లకు ఒకటి, సోషలిస్టులకు ఒకటి. ఎవరి బడి వారిది, ఎవరి పత్రిక వారిది, ఎవరి కార్మిక సంఘం వారిది. చివరకు రేడియో కూడా ఎవరిది వారిదే. పక్కింటివాడు ఏ స్టేషన్ పెడుతున్నాడో గోడ ఇవతలినుంచి వింటే వాడి మతం చెప్పవచ్చు. 1954లో కతోలిక బిషపులు ఒక లేఖ రాశారు: సోషలిస్టు కార్మిక సంఘంలో చేరితే గుడిలో సత్ప్రసాదం వంటి సంస్కారాలు ఇవ్వరు, వాళ్ళ రేడియోను క్రమం తప్పకుండా వినడం కూడా నిషేధం. ఆ లేఖను 1965 దాకా వెనక్కి తీసుకోలేదు. రేడియో వింటేనే ఇంత గొడవ అయితే, మెట్లెక్కి వెళ్ళడం ఎక్కడ?

ఇప్పుడు సినిమాలు. ‘అంటోనియా’లో ప్రధాన పాత్ర వేసిన విల్లెకె వాన్ అమ్మెల్‌రోయ్‌ని గుర్తుపెట్టుకోండి. 24 ఏళ్ళ ముందు, 1971లో, ఫోన్స్ రాడెమాకర్స్ తీసిన ‘మీరా’లో ఆమే కథానాయిక. మన మీరాబాయి కాదు, బెల్జియంలో డచ్చి మాట్లాడే వైపు ఏటి ఒడ్డు పల్లె పిల్ల. స్టెయిన్ స్ట్రూవెల్స్ 1927లో రాసిన నవల అది. ఆయన కొంతకాలం రొట్టెల దుకాణం నడిపిన మనిషి, పైగా ఫాదరుగా ఉండి కవిత్వం రాసిన గీడో గెజెల్లెకు మేనల్లుడు. ఊరికి వంతెన వస్తుంది, వంతెనతో బయటి ప్రపంచం వస్తుంది, ఆ పిల్ల ఊళ్ళో ఎవరి అదుపులోనూ ఉండదు. అప్పట్లో ఆమె బట్టల్లేకుండా కనబడిన దృశ్యం మీదే అందరి కళ్ళూ. నాకు మాత్రం ఆ వంతెనే ఎక్కువ నచ్చింది. హమ్మె అనే ఊళ్ళో ఉంది, జనం ఇప్పటికీ దాన్ని మీరా వంతెన అంటారు. అందులో ఆమె పక్కన నటించిన యాన్ డెక్లెయిర్, ‘అంటోనియా’లో రైతు బాస్. భార్య పోయినవాడు, “నా పిల్లలకు తల్లి కావాలి” అంటూ పెళ్ళి అడగడానికి వస్తాడే, అతనే. ఆవిడ పెళ్ళి వద్దంటుంది, మనిషిని మాత్రం వద్దనదు. ఫాదరూ లేడు, పాస్టరూ లేడు, గుడిలో ఎవరూ పెళ్ళి ప్రకటన చదవరు. అయినా ముసలితనం దాకా కలిసే ఉంటారు.

ఇదే డెక్లెయిర్ 1992లో స్టెయిన్ కోనింక్స్ తీసిన ‘డాన్స్’లో ఫాదరు. నాట్యం కాదు, మనిషి పేరు: ఆడోల్ఫ్ డాన్స్. బెల్జియంలో ఆల్స్ట్ అనే నూలు మిల్లుల ఊళ్ళో కార్మికుల పక్షాన నిలబడి 1894లో పార్లమెంటుకు ఎన్నికైన నిజమైన ఫాదరు. పైవాళ్ళకు కంటగింపై ఆఖరికి పూజ చెప్పే అధికారం కూడా పోగొట్టుకున్నాడు. అందులో ఒక ప్రేమకథ ఉంది. మిల్లులో పనిచేసే కతోలిక పిల్ల నెట్టె, సోషలిస్టు కుర్రాడు యాన్. ఇద్దరి బాప్తిస్మమూ ఒకే గుడిలో జరిగి ఉండవచ్చు, అయినా సోషలిస్టు అంటే ఆ ఇంట్లో దయ్యంతో సమానం. సినిమా గొప్పదే గానీ ఈ ప్రేమను కాస్త తొందరగా తేల్చేశారని నా ఫిర్యాదు.

ప్రొటెస్టెంట్ల వైపు చూడాలంటే 1981లో ఆటె డె యోంగ్ తీసిన ‘ఎన్ వ్లుఖ్ట్ రేఖెన్‌వుల్పెన్’. ఒక పక్షుల గుంపు అని అర్థం చెప్పుకోండి. మార్టెన్ ’ట్ హార్ట్ నవల. కఠినమైన కాల్విన్ ఇంట్లో పెరిగిన జీవశాస్త్రవేత్త. ముప్పై దాటినా ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళలేడు. వారంలోగా ఒక స్త్రీని చేరకపోతే చచ్చిపోతానని నమ్ముతాడు. యెరూన్ క్రాబే తానే ఇద్దరుగా కనబడి తనతో తాను వాదించుకుంటాడు. చూడండి, అందులో అడ్డుపడే తండ్రి లేడు, బెదిరించే మామ లేడు. తెలుగు సినిమా అలవాటున్న మనకు మొదట ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. చెప్పేవాళ్ళు పోయినా చెప్పిన మాట లోపల కూర్చుని ఉంటుంది. మీ తాతగారు కేకలు వేయలేదని రాశారు చూడండి, అక్కడ నాకు ఈ సినిమా గుర్తొచ్చింది.

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. మీరు చెప్పిన ఆ కింది వాటా మనిషికి సినిమాలో పేరు లేదు. ‘ప్రొటెస్టెంటు’ అనే అంటారు. పై వాటా ఆవిడను ‘పిచ్చి మడోనా’ అంటారు, అంటే పిచ్చి మరియమాత.

కొత్తపేట_కుర్చీ (గుంటూరు)

ఇంత పెద్ద చర్చలో కులం మాట ఒక్కరూ ఎత్తలేదు, గమనించారా? గుంటూరు జిల్లాలో లూథరన్ అయినా ఆర్.సి.ఎం. అయినా పెళ్ళి దగ్గర ముందు చూసేది గుడిని కాదు. డచ్చి వాళ్ళకు మతం, మనకు కులం, పోలిక కుదరదు. ఇంకొకటి. ఆయన మెట్లెక్కి రావచ్చు కదా అన్నారు మీ పిన్నిగారు. ఆవిడైనా మెట్లు దిగి వెళ్ళవచ్చు కదా? మెట్లు రెండు వైపులకీ పనిచేస్తాయి.

నాలుగో_లైను

కుర్చీ గారూ, ఇద్దరిదీ ఒకే కులం. ఒకే పేట, రెండు వీధుల తేడా. చదువు ఒకటే, జీతం ఇంచుమించు ఒకటే, ఇంట్లో వండే గోంగూర కూడా ఒకటే. తేడా అల్లా ఆదివారం ఉదయం ఎవరు ఏ వైపు నడుస్తారన్నదే. అందుకే ఈ సినిమా నన్ను పట్టుకుంది. కులం తేడా ఉండి ఉంటే మా ఇంట్లో అరుపులు ఉండేవి, ఏడుపులు ఉండేవి, ఒక కథ ఉండేది. ఇక్కడ కాఫీ మాత్రమే ఉంది.

మెట్ల గురించి: అవును, దిగి వెళ్ళవచ్చు. ఆ మాట నేను ఆమె బతికి ఉండగా అడగలేదు. ఇప్పుడు మీరు అడిగారు కదా అని నాకు కోపం రాకూడదు, కానీ వచ్చింది.

గుణదల_మెట్లు (విజయవాడ)

నేను కతోలికుణ్ణి. ముప్పై ఏళ్ళు ఉపదేశిగా, అంటే గుడి తరఫున మతబోధ చేసేవాడిగా పనిచేశాను, పెళ్ళి కాగితాలు రాయడంలో చేయి తిరిగినవాణ్ణి. “రాసివ్వాలి” అన్న మాట మీద ఒక వివరణ.

మిశ్రమ వివాహానికి, అంటే వేరే సంఘం క్రైస్తవులతో పెళ్ళికి, మా శ్రీసభలో ముందుగా అనుమతి కావాలి. పాత చట్టం ప్రకారం పిల్లలను కతోలికులుగానే పెంచుతామని ఇద్దరూ మాట ఇవ్వాలి. కతోలికులు కాని భాగస్వామి చేత కూడా ఇప్పించాలి. అంటే మీ పిన్నిగారు కూడా సంతకం పెట్టాలి. ఒక లూథరన్ సంఘ పెద్ద కూతురు చేత ఆ సంతకం పెట్టించడం ఎంత కష్టమో ఆ కాంపౌండరు గారికి తెలియకుండా ఉండదు. 1970లో ఆరవ పౌలు పోపు గారు దీన్ని మార్చారు. అప్పటినుంచి మాట ఇచ్చేది కతోలికులు మాత్రమే, అదీ తమ శక్తి మేరకు చేస్తామని. అవతలివారికి ఆ సంగతి తెలియజేస్తే చాలు.

1967 అన్నారు మీరు. నాకు లెక్క వేయక తప్పలేదు.

ఇంకొక సంగతి. మీ సంఘంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని మా సభ చెల్లుతుందనే ఒప్పుకుంటుంది, మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీళ్ళు అవే, త్రిత్వం పేరు అదే, తెలుగులో మాట మాత్రం వేరు. మీరు బాప్తిస్మం అంటారు, మేము జ్ఞానస్నానం అంటాం. మీరు ప్రభురాత్రి భోజనం అంటే మేము దివ్యసత్ప్రసాదం అంటాం. ఆ రోజు మీ తాతగారి వరండాలో రెండు గంటలు మాట్లాడుకున్నది ఒకే సంగతి గురించి అయి ఉంటుంది.

కాలువ_గట్టు (సొంత ఊరు తెనాలి, ఉండేది డెల్ఫ్ట్)

పాత_రీలు మాస్టారూ, ‘వాన్ పిపెల్’ మరిచిపోయారు! 1976. తీసింది పిమ్ డె లా పార్రా, సురినామ్‌లో పుట్టినవాడు. తెలుగువాళ్ళం ముందు చూడవలసింది అదే.

దక్షిణ అమెరికాలోని సురినామ్ ఒకప్పుడు డచ్చి వాళ్ళ వలస రాజ్యం. బానిసత్వం పోయాక చెరకు తోటలకు కూలీలు కావాలి కదా, కలకత్తా రేవు నుంచి మనవాళ్ళను ఓడలో తీసుకువెళ్ళారు. లల్లా రూఖ్ అనే మొదటి ఓడ 1873 జూన్ 5న పరమారిబో చేరింది. వాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు ఇప్పుడు ఇక్కడ హేగ్ నగరంలో ఎంతమందో. మా వీధి చివర కొట్లో పప్పు అడిగితే భోజ్‌పురి కలిసిన మాటల్లో జవాబు చెప్పే పెద్దావిడ ఉంది.

సినిమా సంగతి. 1975 నవంబరు 25న సురినామ్‌కు స్వాతంత్ర్యం వచ్చింది, ఆ వేడి మీద తీశారు. రాయ్ నల్లజాతి కుర్రాడు, హాలండ్‌లో చదువుకుంటూ ఉంటాడు, అక్కడ తెల్ల స్నేహితురాలు. తల్లి చావుబతుకుల్లో ఉందని ఇంటికి వెళ్తాడు. అక్కడ రుబియా అనే హిందువుల అమ్మాయితో ప్రేమలో పడతాడు. నాలుగో_లైను గారూ, ఆ అమ్మాయి నర్సు. రెండు కుటుంబాలూ ఒప్పుకోవు. ఇక్కడ కాఫీలు ఉండవు, అరుపులే. సగం డచ్చి, సగం అక్కడి స్రనాన్, మధ్యలో మన హిందీకి చుట్టమైన సర్నామీ. హిందూ ఇంటి సన్నివేశాలు వస్తే నాకు సబ్‌టైటిళ్ళు చదవబుద్ధి కాలేదు. ఆ తండ్రి ముఖం చాలు, తెనాలిలో ఎన్నిసార్లు చూశానో. పేరుకు అర్థం ‘ఒకే జనం’ అని. పేరులో ఉన్నంత ధీమా సినిమాలో లేదు, అదే దాని అందం. ఆ తెల్ల స్నేహితురాలు ఎవరనుకున్నారు? విల్లెకె వాన్ అమ్మెల్‌రోయ్. మాస్టారు చెప్పిన మీరా, అంటోనియా.

అంతఃపురాల్లో కూడా తప్పలేదు లెండి. 1964లో డచ్చి రాకుమారి ఐరీన్ కతోలిక మతం పుచ్చుకుని స్పెయిన్ వైపు రాజవంశీకుణ్ణి పెళ్ళాడింది. ప్రొటెస్టెంటు రాచకుటుంబంలో నిప్పు పడింది. రోములో పెళ్ళి జరిగితే పుట్టింటివాళ్ళు ఒక్కరూ వెళ్ళలేదు. సింహాసనం మీద హక్కు కూడా పోయింది.

ఇప్పుడు ఇక్కడ చాలామందికి ఇవన్నీ పురాణాలు. నా పక్క బల్ల సహోద్యోగికి తన అమ్మమ్మ కతోలికా ప్రొటెస్టెంటా అన్నది కూడా తెలియదు. కానీ స్టాప్‌హోర్స్ట్ వంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి, ఆదివారం వస్తే గుడికి తప్ప మనిషి కదలడు.

నాలుగో_లైను

అందరికీ నమస్కారం. ఆలస్యానికి మన్నించండి. సినిమా దొరికింది, మా అబ్బాయి ఎక్కడినుంచో డిస్కు తెప్పించాడు. మొన్న రాత్రి ఒక్కదాన్నే చూశాను.

మొదట ఒక నిరాశ. పాతికేళ్ళు నా తలలో ఆ ఇద్దరూ సినిమా అంతా ఉన్నారు. తీరా చూస్తే ఉన్నది కొద్ది నిమిషాలే. నిజానికి నవ్వించడానికే పెట్టారు. పిన్ని ఒక్కతే సరిగ్గా చూసిందన్నమాట, మిగతా హాలంతా మర్యాదకు గంభీరంగా కూర్చుంది. అలాగే, చిన్న ఫాదరు అంగీ విడిచేసి వెళ్ళి సంసారం పెట్టుకుని వరసగా పిల్లల్ని కనడం నాకు అసలు గుర్తే లేదు. తాతయ్య చూసి ఉంటే టీవీ గుడ్డ కప్పేసేవాడు.

‘వాన్ పిపెల్’ కూడా వెతుకుతాను. ఉపదేశి గారూ, 1970 సంగతి చదివి ఫోను పక్కన పెట్టేసి కాసేపు పెరట్లోకి వెళ్ళి వచ్చాను. మూడేళ్ళు. అమ్మకు చెప్పలేదు.

అమ్మతో మాట్లాడింది వేరే సంగతి. మాస్టారు రాశారు కదా, కింది వాటా మనిషికి సినిమాలో పేరు లేదని. అది చదివాక తట్టింది, మా ఇంట్లో కూడా ఆయనకు పేరు లేదు. ‘ఆర్.సి.ఎం. అబ్బాయి’. నేను మొదట రాసినదాంట్లో కూడా కాంపౌండరు అనే రాశాను చూడండి, తెలియదు కనుక. పిన్ని నోట కూడా ఏనాడూ వినలేదు. గొడుగుకు కూడా మతం పేరే పెట్టుకున్నాం. అమ్మకు 86. నిన్న మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతూ ఉంటే అడిగాను. ఏమీ అనకుండా నాలుగు కాయలు తుంచింది. తరువాత చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. అంత మామూలు పేరు అయి ఉంటుందని అనుకోలేదు, మా కాలేజీలోనే ఆ పేరు గలవాళ్ళు ముగ్గురు ఉండేవారు. ఇక్కడ మాత్రం రాయను, ఆయన పిల్లలో మనవళ్ళో ఉండి ఉంటారు.

గొడుగు ఏమైందని కూడా అడిగాను. ఊచలు విరిగితే మా తమ్ముడు గుడ్డ పీకేసి, ఊచలతో గాలిపటాలు చేశాడట. పిడి మాత్రం పిన్ని తీసి దాచుకుంది అంది అమ్మ. ఆమె పెట్టె ఇంకా పూర్తిగా సర్దలేదు, చూడాలి.

వచ్చే ఆదివారం గుడి నుంచి వచ్చాక అమ్మకు సినిమా చూపిస్తున్నాను. ఇంగ్లిషు అక్షరాలు ఆమె చదవలేదు, పక్కన కూర్చుని నేనే తెలుగులో చెప్పాలి. ఒక సాయం కావాలి మీ అందరినుంచి. ఆ కింది వాటా ఆయన తెర మీదకు రాగానే ఈయనెవరు అని అడుగుతుంది. ‘ప్రొటెస్టెంటు’ అంటే మా అమ్మకు అర్థం కాదు, మా వైపు ఆ మాట ఎవరూ అనరు. లూథరనాయన అంటే మనవాడే కదా అని పేరు, ఊరు అడుగుతుంది. ఏమని చెప్పమంటారు?